పడిపోయిన చెట్టు, భోజనాల బల్ల

శ్రావణం వచ్చేసరికి పాత ఇళ్లలో తలుపులు బిగుసుకుంటాయి. భుజం ఆనించి తోస్తే గానీ పడవు. మాఘం నాటికి అవే తలుపులు వదులై, గడియ పెట్టినా గాలికి టకటకలాడతాయి. గాలిలో తేమ పెరిగితే కర్ర ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. చెట్టు కొట్టి వందేళ్లయినా ఈ గుణం పోదు. పాతకాలపు వడ్రంగులకు ఈ సంగతి తెలుసు. అందుకే తలుపు చట్రంలో పలకను జిగురు పెట్టి అంటించేవారు కాదు. చట్రానికి గాడి తీసి, పలకను అందులో వదులుగా కూర్చోబెట్టేవారు. లోపల పలక పెరిగినా తగ్గినా చట్రానికి దెబ్బ తగలదు.

ఇప్పుడు ఆ చిన్న పలక బదులు మూడడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, రెండంగుళాల మందం ఉన్న ఒకే చెక్కను ఊహించుకోండి. దుంగను నిలువునా కోసి తీసిన పలక అది. పక్క అంచులను రంపంతో తిన్నగా చెయ్యకుండా, చెట్టు ఒంపులు ఎలా ఉన్నాయో అలాగే వదిలేశారు. లైవ్ ఎడ్జ్ అంటూ హైదరాబాద్, విశాఖ ఫర్నిచర్ షోరూముల్లో కనిపించే భోజనాల బల్లలు ఇవే. వాటి ధర విని వెనక్కి వచ్చినవాళ్లకు, తమ పెరట్లో చెట్టు గాలివానకు పడితేనో, వీధిలో చెట్టు రోడ్డు వెడల్పులో పోతేనో, దాంతోనే బల్ల చేయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన రావడం సహజం. చేయించుకోవచ్చు. అయితే మామూలు బల్ల చేసే పద్ధతి దీనికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో అర్థమైతే మిగతా పనంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఈ రకం బల్లకు పేరు తెచ్చినవాడు జార్జ్ నకషిమా. ఆయన కథలో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అనే ఊళ్లో 1905లో పుట్టిన జపనీస్ సంతతి మనిషి ఆయన. చదివింది ఆర్కిటెక్చర్. టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తూ, అరవిందాశ్రమంలో కడుతున్న ఒక వసతి భవనం పని చూడటానికి 1937లో పుదుచ్చేరి వచ్చాడు. ఆ భవనం పేరు గోల్కొండ్. దాన్ని కట్టడానికి లక్ష రూపాయలు ఇచ్చింది నిజాం, ఇప్పించింది హైదరాబాద్ దివాను సర్ అక్బర్ హైదరీ. అందుకే పుదుచ్చేరి భవనానికి మన కోట పేరు పడింది. దాని గదులకు కావలసిన ఫర్నిచర్ కూడా నకషిమా గీశాడు. ఆశ్రమంలో ఆయనకు పెట్టిన పేరు సుందరానంద.

తర్వాత అమెరికా తిరిగి వెళ్లాడు. యుద్ధం వచ్చింది. తన గడ్డ మీదే పుట్టిన జపనీస్ సంతతి వారిని అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో నిర్బంధించింది. 1942లో భార్యతో, పసిబిడ్డతో సహా నకషిమాను ఐడహోలోని మినిడోకా శిబిరానికి పంపారు. అక్కడ తనతోపాటే నిర్బంధంలో ఉన్న గెంటారో హికొగావా అనే వడ్రంగి దగ్గర జపనీస్ పద్ధతిలో అతుకులు వెయ్యడం నేర్చుకున్నాడు. చేతికి దొరికింది మిగులు చెక్క, ఎడారి పొదల కర్ర. 1943లో రేమండ్ పూచీ మీద బయటపడి పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ చేరాడు. అక్కడే పనిశాల పెట్టుకుని, 1990లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పగుళ్లు, ముడులు, తొర్రలు ఉన్న పలకలను ఏరి తెచ్చి, వాటి వంకర అంచులను అలాగే ఉంచి బల్లలు చేశాడు. పగులును దాచకుండా, దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో ఓ గట్టి ముక్క బిగించి ఆపాడు. ఆయన తలపెట్టిన పెద్ద శాంతి బల్లల్లో ఒకటి 1996లో ఆరోవిల్‌ చేరింది.

నకషిమా చేసినదాన్ని ఇప్పుడు అందరూ నకలు చేస్తున్నారు. కానీ నకలు చేస్తున్నది అంచును మాత్రమే. ఆయన ఎక్కువ కాలం ఖర్చుపెట్టింది పలకను ఎంచుకోవడంలో, ఆరబెట్టడంలో. బల్ల నిలబడేది అక్కడే.

చెట్టు సంగతికి వద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో లెక్కలేనన్ని చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. 2024 ఆగస్టు ఆఖర్న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేల చెట్లు నేలకొరిగాయి. ఏటా ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక రోడ్డు పక్క నీడ పోతూనే ఉంటుంది. ఆ కర్రలో చాలా భాగం వంటచెరకు కిందనో, ఇటుక బట్టీకో పోతుంది. పలకలయ్యే మొద్దులు కూడా అందులోనే పోతాయి. అయితే పడిన చెట్టు కదా అని గొడ్డలి పట్టుకుని బయల్దేరకూడదు. అడవిలో పడిన చెట్టు అటవీ శాఖది, రోడ్డు పక్కది పురపాలక సంఘానిదో రోడ్లు భవనాల శాఖదో. వాళ్లు వేలం వేస్తే పాడుకోవాలి. సొంత స్థలంలో ఉన్న చెట్టును కొట్టడానికి కూడా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పడిపోయినదాన్ని లారీ ఎక్కించే ముందు అటవీ అధికారుల దగ్గర కాగితం తీసుకోవడం మంచిది. టేకు, జిట్రేగి అయితే మరీను. ఎర్రచందనం జోలికి అసలు పోవద్దు.

ఏ చెట్టైతే మంచిదని అడిగితే నేను నిద్రగన్నేరు అంటాను. సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడిచి పడుకునే ఆ పెద్ద గొడుగు చెట్టు మన దేశపుది కాదు, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చింది. నీడ కోసం రోడ్ల పక్కన, ఆఫీసుల ఆవరణల్లో నాటారు. మొద్దు బాగా లావెక్కుతుంది కాబట్టి మూడడుగుల పలక ఒక్క ముక్కలోనే దొరుకుతుంది. చేవ ముదురు గోధుమ రంగు, చుట్టూ ఉన్న పైకర్ర లేత పసుపు. రెండూ పక్కపక్కన నిలిచి అంచుకు గీత గీసినట్టుంటాయి. అన్నిటికీ మించి, ఇది తక్కువ ముడుచుకునే కర్ర. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా పలక వెడల్పులో టేకు 5.8 శాతం దాకా తగ్గితే, నిద్రగన్నేరు తగ్గేది 3.4 శాతం. థాయిలాండ్, ఇండోనేషియాల నుంచి ప్రపంచమంతా వెళ్లే పెద్ద పలకల బల్లల్లో చాలా భాగం ఈ చెట్టువే కావడానికి ఇదో ముఖ్య కారణం. కలప అడితిలో అడిగితే 'అది పొయ్యిలోకి తప్ప ఎందుకండీ' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ధర తక్కువగా ఉండటానికి ఆ మాట మనకు ఉపకారమే.

వేప, దిరిసెన, మామిడి, పనస కూడా పనికొస్తాయి. మామిడి మెత్తన. కోసి నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే బూజు పట్టి నీలి చారలు పడుతుంది. చింత చేవ చూడముచ్చటగా ఉంటుంది గానీ రంపం పళ్లు అరగదీస్తుంది.

రోడ్డు పక్క చెట్టుతో ఇంకో చిక్కు ఉంది. ట్యూషన్ బోర్డులు, టులెట్ బోర్డులు, ఎన్నికల ఫ్లెక్సీలు, పందిరి తీగలు, అన్నీ దానికే కొడతారు. చెట్టు పెరుగుతూ ఆ మేకులను లోపలికి మింగేస్తుంది. మిల్లులో బ్యాండ్ రంపానికి ఒక్క మేకు తగిలితే బ్లేడు పోతుంది, పక్కనున్న మనిషికి కూడా ప్రమాదం. అందుకే లోహాన్ని పసిగట్టే చేతి పరికరంతో దుంగను నాలుగు వైపులా చూడనిదే మంచి మిల్లువాళ్లు కొయ్యరు. దుంగ కోసిన మొహం మీద నీలం కలిసిన నల్లటి మరక కనబడితే ఇనుము దగ్గర్లోనే ఉందని లెక్క. కర్రలో ఉండే వగరు పదార్థంతో ఇనుము కలిసి సిరా రంగు తిరుగుతుంది.

ఇక ఈ బల్లల మీద జనం వేళ్లతో తడిమి చూసే సంగతి, చెక్కలోని అలలు. వెలుతురులో అటూ ఇటూ కదిలితే చారలు కదిలినట్టు, లోపలెక్కడో మెరిసినట్టు కనబడుతుంది. అది రంగు వల్ల వచ్చేది కాదు, పీచు వల్ల వచ్చేది. చెట్టు మొదలు నుంచి పైదాకా కర్ర సన్నని పీచులుగా ఉంటుంది. మామూలుగా ఆ పీచు తిన్నగా పైకి పోతుంది. కొన్ని చెట్లలో అలలు అలలుగా పోతుంది. అలా ఉన్న దుంగను తిన్నగా కోస్తే, పలక మీద కొన్నిచోట్ల పీచు పడుకుని, కొన్నిచోట్ల కొసలు పైకి లేచి ఉంటాయి. పడుకున్న పీచు కాంతిని వెనక్కి తిప్పుతుంది, లేచిన కొసలు మింగేస్తాయి. ఒకటి వెలుగు, ఒకటి నీడ. మన స్థానం మారితే వెలుగూ నీడా చోట్లు మార్చుకుంటాయి. శేషాచలం ఎర్రచందనంలో ఇలాంటి అలల పీచున్న దుంగకు మామూలు దుంగ కన్నా ఎన్నో రెట్లు ధర పలకడానికి కారణం ఇదే.

ఉష్ణదేశాల చెట్లలో ఇంకో రకం సాధారణం. కొన్నేళ్లు పీచు కుడివైపు మెలి తిరుగుతూ పెరుగుతుంది, మళ్లీ కొన్నేళ్లు ఎడమవైపు. ఈ పొరలు ఒకదాని మీద ఒకటి పడి, కోసినప్పుడు పక్కపక్కన రిబ్బన్లు పరిచినట్టు కనబడతాయి. వేపలో, నిద్రగన్నేరులో ఉండేది ఎక్కువగా ఇదే. చెట్టు రెండుగా చీలే పంగ దగ్గర రెండు కొమ్మల పీచు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఈక ఆకారం వస్తుంది. మొద్దు మీద లేచిన బొడిపెల్లో పీచుకు దిక్కూ దారీ ఉండదు, అంతా సుడులే. చచ్చిన కర్రలో బూజు పాకితే నల్లటి సన్న గీతలు పటంలో సరిహద్దుల్లా పడతాయి. అక్కడితో ఎండబెట్టి ఆపకపోతే కర్ర కుళ్లిపోతుంది.

గమనించవలసింది ఏమిటంటే, చెక్కకు అందం తెచ్చేదీ, వడ్రంగిని ఏడిపించేదీ ఒకటే. తిన్నగా పోని పీచు చిత్రికకు ఒకచోట లొంగి, పక్కనే ఎదురు తిరిగి పెళ్లలుగా లేస్తుంది. ఆరేటప్పుడు ఒక దిక్కుకు కాకుండా నాలుగు దిక్కులకూ లాగి పలకను మెలి తిప్పుతుంది. పంగ దగ్గరి పలక ఎంత అందమైనదో అంత పగిలే స్వభావం కలది. కొనేటప్పుడు మెరుపు చూసి మురిసిపోయేవారు, ఆ మెరుపు ఎంత ఓపిక అడుగుతుందో కూడా లెక్కవేసుకోవాలి. నా మటుకు, పంగ ముక్క ఒక కొసకు ఉండి మిగతా పలక ఓ మాదిరిగా తిన్నగా ఉన్నదాన్నే ఎంచుకుంటాను. పలకంతా సుడులే అయితే అది గోడకు వేలాడదీయడానికి బాగుంటుంది గానీ దాని మీద అన్నం తినలేం.

కొమ్మను మాత్రం తీసుకోవద్దు. వాలి పెరిగిన కర్ర లోపల బిగువుతో ఉంటుంది. కొయ్యగానే విల్లులా వంగుతుంది. చెట్టు నడిమధ్య గుజ్జు ఉన్న పలక కూడా అంతే, ఎప్పటికైనా నిలువునా చీలుతుంది. దుంగ పగిలే చోటేదో ముందే తెలుసు కాబట్టి మిల్లువాడికి చెప్పి ఆ గుజ్జు మీదుగా కోత పడేలా చూసుకోవాలి. రెండంగుళాల బల్ల కావాలంటే రెండున్నర అంగుళాల పలక కోయించాలి. ఆ అరంగుళం మెలిక తీసి చదును చెయ్యడానికి పోతుంది. చెట్టు సన్నదైతే వరసగా వచ్చిన రెండు పలకలను పుస్తకం విప్పినట్టు పక్కపక్కన పరిచి కలపవచ్చు. అప్పుడు అలలు అద్దంలో ప్రతిబింబంలా కుదురుతాయి.

ఆరబెట్టడం దగ్గర కాస్త నిదానంగా ఆగాలి. బల్లలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. పీచు గొట్టాల ఖాళీలో కొంత, ఆ గొట్టాల గోడల్లో కొంత. ముందు ఆరేది ఖాళీలోని నీరు. అది పోయేంతవరకు పలక బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ 30 శాతానికి దిగిన దగ్గర్నుంచి గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. ముడుచుకోవడం అక్కడ మొదలు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. వలయాల వెంట తగ్గేది, కేంద్రం నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెట్టింపు. ఈ తేడాయే పలకను దోనెలా వంచుతుంది, దుంగ మొహం మీద చక్రపు ఆకుల్లా పగుళ్లు తెస్తుంది. నిద్రగన్నేరులో ఈ రెండు కొలతలూ 3.4, 2.0 శాతాలే కావడం వల్ల వంపు తక్కువ.

కోసిన రోజే పలక రెండు కొసలకూ మందంగా పెయింటో మైనమో పూయాలి. పీచు గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉండేది కొసల్లోనే. అక్కడ నీరు మిగతా పలక కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోయి చీలుతుంది. తర్వాత నేలకు అడుగైనా ఎత్తున సమతలంగా దిమ్మెలు పెట్టి, పలకల మధ్య ఒకే మందం ఉన్న ఎండు పుల్లలు అడుగున్నరకొకటి చొప్పున పేర్చాలి. పై పుల్ల కచ్చితంగా కింది పుల్ల మీదే రావాలి. పక్కకు జరిగితే బరువు మధ్యలో పడి పలక అక్కడే వంగుతుంది. పైన బరువులు పెట్టాలి. నీడ ఉండాలి, గాలి ఆడాలి. మన ఏప్రిల్, మే వడగాలి మాత్రం తగలకూడదు. పైపొర గబగబా ఎండి లోపల పచ్చిగా ఉంటే పలక మొహమంతా నెర్రెలు విచ్చుతుంది. ఆ రెండు నెలలూ గోనెపట్టాలు కప్పడం మంచిది.

అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. అంటే మన పలకకు రెండేళ్లకు పైనే. అంత ఆగలేకపోతే, కొన్ని నెలలు గాలికి ఆరబెట్టిన తర్వాత ఆవిరి గదిలో, అంటే కిల్న్‌లో పెట్టించవచ్చు. దీనితో ఇంకో లాభం, పలక నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి అరగంట తగిలితే లోపలున్న పురుగూ గుడ్లూ చస్తాయి. ఆరిందో లేదో తేమ కొలిచే మీటరు చెబుతుంది. మీటరు లేకపోతే కాటా చాలు. నెలకోసారి పలకను తూచి రాసుకోండి. రెండు మూడు నెలలు వరసగా బరువు తగ్గకపోతే, ఆ చోటి గాలి తేమతో పలక సమానానికి వచ్చినట్టే. ఆ తర్వాత బల్ల ఉండబోయే గదిలోనే కొన్ని వారాలు ఉంచాలి. విశాఖ, కాకినాడ గాలికి ఆరిన పలకను తెచ్చి హైదరాబాద్‌లో ఏసీ గదిలో వేస్తే అది మళ్లీ ఆరడం మొదలుపెడుతుంది. షికాగో చలికాలంలో హీటరు తిరిగే ఇల్లయితే ఇంకా ఎక్కువ. ఇక్కణ్నుంచి ఇష్టపడి అమెరికా పంపించుకున్న బల్లలు మొదటి చలికాలంలో చీలాయంటే తప్పు కర్రది కాదు.

అంచు పని చిన్నదే గానీ మెలకువ కావాలి. బెరడును ఉంచితే అందంగా ఉంటుందని కొందరంటారు. అది ఎప్పటికైనా ఊడుతుంది. బెరడుకూ కర్రకూ మధ్య చెట్టు బతికున్నప్పుడు పెరిగే పొర ఎండి పొడి అవుతుంది కనుక పట్టు ఉండదు. మొండి ఉలితో, తీగ బ్రష్షుతో బెరడు ఒలిచి, కింద కనబడే నునుపు ఒంపును ఉలి గాటు పడకుండా కాపాడుకోవాలి. అక్కడ బయటపడే లేత పైకర్రలో పిండిపదార్థం ఉంటుంది. చెక్కపురుగుకు అదే తిండి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీటిలో కలిపి పలక పచ్చిగా ఉండగానే అంచులకు రెండు మూడు సార్లు పట్టిస్తే లోపలికి ఇంకుతుంది. ఎండిన తర్వాత పూస్తే పైపైనే ఉండిపోతుంది.

మూడడుగుల పలక మామూలు ప్లేనర్ యంత్రంలో పట్టదు. రెండు పక్కలా తిన్నని పట్టాలు అమర్చి, వాటి మీద రౌటర్‌ను అటూ ఇటూ నడిపి చదును చేస్తారు. కొద్దికొద్దిగా, రెండు మొహాల నుంచీ సమానంగా తియ్యాలి. ఒకే పక్క తీస్తే లోపలి బిగువు ఒక పక్కకే సడలి పలక మర్నాటికి వంగుతుంది. తర్వాతి చదును చేతి పని. ఎదురు పీచు దగ్గర చిత్రిక పెళ్లలు లేపుతుంది కాబట్టి అక్కడ గీకడమే దారి. మన వడ్రంగులు గాజుపెంకుతో గీకేది ఇందుకే. కొత్తవాళ్లు స్టీలు రేకు వాడతారు. పని ఒకటే. చివర 180, 220 నంబరు గరుకు కాగితాలతో ముగించాలి. నిద్రగన్నేరు పొడి ముక్కునూ కళ్లనూ మండిస్తుంది, మాస్కు తప్పదు.

పగుళ్లను ఏం చెయ్యాలి? కొస నుంచి లోపలికి నడిచే పగులుకు అడ్డంగా ఢమరుకం ఆకారంలో గట్టి కర్ర ముక్క దించాలి. నకషిమా సీతాకోకచిలుక ఇదే. పలక మందంలో సగం లోతు చాలు. ముక్క పీచు పగులుకు అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే నడుం దగ్గర అది పుటుక్కుమంటుంది. పాత జిట్రేగి గుమ్మం ముక్క దొరికితే దీనికి చక్కగా సరిపోతుంది. చిన్న తొర్రలు, ముడుల్లోని ఖాళీలు ఎపాక్సీతో నింపవచ్చు. అంతవరకు సరే. రెండు పలకల మధ్య జానెడు వెడల్పున నీలం రంగు ఎపాక్సీ పోసి నది అంటున్న ఫ్యాషన్ నాకు రుచించదు. అందులో అందం సంగతి అలా ఉంచితే, మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన పులుసు గిన్నె అంతకన్నా వేడి. మన భోజనాల బల్ల మీద గిన్నె అడుగు ముద్ర పడకుండా ఎన్నాళ్లు కాచుకుంటారు?

ఇప్పుడు కాళ్లు. తలుపు పలక పాఠం అక్కరకొచ్చేది ఇక్కడ. లెక్క వేసి చూద్దాం. వానాకాలంలో గాలి తేమ 70 శాతం ఉంటే కర్రలోని తేమ సుమారు 13 శాతం దగ్గర నిలుస్తుంది. వేసవిలో గాలి తేమ 35 శాతానికి పడితే కర్ర తేమ 7 శాతానికి దిగుతుంది. ఈ ఆరు శాతం తేడాకు మూడడుగుల టేకు పలక వెడల్పు దాదాపు 10 మిల్లీమీటర్లు మారవచ్చు. నిద్రగన్నేరైతే ఆరు, ఏడు. పాలిష్ ఈ కదలికను నెమ్మది చేస్తుంది, ఆపలేదు. అలాంటి పలక కింద అడ్డంగా బద్దలు పెట్టి ఫెవికాల్‌తో అంటించి స్క్రూలు బిగిస్తే ఏమవుతుంది? బద్ద తన పొడవులో మారదు, పలక తన వెడల్పులో మారుతుంది. ఎవరో ఒకరు ఓడాలి. పగిలేది పలకే.

కాబట్టి పలకను వంగకుండా పట్టుకోవాలి, పక్కలకు మాత్రం స్వేచ్ఛగా వదలాలి. పలక అడుగున వెడల్పు వెంట గాడి తీసి ఇనుప సి-ఛానల్ దించుతారు. దాని బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక, వెడల్పు వెంట కోలగా ఉండాలి. గాడి కూడా రెండు కొసల దగ్గర పావంగుళం పొడవు ఎక్కువే ఉండాలి. మధ్యలో ఉన్న ఒక్క బోల్టు గుండ్రటి రంధ్రంలో బిగించి, మిగతావి వాషర్లు వేసి, పలక జరిగేంత బిగువుతోనే ఉంచాలి. అప్పుడు పలక నడుమ కదలకుండా నిలిచి, రెండు అంచులూ చెరో పక్కకు సమానంగా జరుగుతాయి. కాళ్లు ఇనుముతో చేయించినా కర్రతో చేయించినా బిగించే పద్ధతి ఇదే. వడ్రంగి 'ఇంకో నాలుగు స్క్రూలు గట్టిగా వేస్తే కదలదు సార్' అంటే మర్యాదగా వద్దనండి.

కొలతలు క్లుప్తంగా. ఎత్తు 30 అంగుళాలు. ఒక్కో మనిషికి 24 అంగుళాల అంచు కావాలి. ఆరుగురికి ఆరడుగుల పొడవు సరిపోతుంది గానీ, మధ్యలో గిన్నెలన్నీ పెట్టుకుని వడ్డించుకునే మన అలవాటుకు ఏడు ఉంటే హాయి. అంచు ఒంపులు తిరిగి ఉంటుంది కాబట్టి పలకను దాని అతి సన్నని చోట కొలవాలి. అక్కడ 30 అంగుళాలకు తగ్గితే ఎదురెదురు కంచాలు గుద్దుకుంటాయి. ఏడు, మూడు అడుగుల పలక రెండంగుళాల మందంలో మూడున్నర ఘనపుటడుగులు. నిద్రగన్నేరైతే 60 కిలోల దరిదాపు, జిట్రేగైతే 80 దాటుతుంది. అపార్టుమెంటు లిఫ్టులో ఏడడుగుల పలక పడుతుందో లేదో మిల్లుకు వెళ్లకముందే కొలుచుకోండి.

పాలిష్‌లో రెండు దారులు. ఒకటి, ఉడికించిన అవిసె నూనె, లేదా నూనె మైనం కలిసినవి. ఇవి కర్రలోకి ఇంకి అలలను పైకి తెస్తాయి. పొడి కర్ర మీద కాంతి పైపైనే చెదిరిపోతుంది, నూనె ఇంకితే లోపలి దాకా పోయి వస్తుంది. గీత పడినచోట రుద్ది మళ్లీ నూనె రాసుకోవచ్చు. అయితే పసుపు, ఆవకాయ నూనె, పులుసు వెంటనే తుడవకపోతే మరక నిలుస్తుంది. రెండోది పాలీయురెథేన్. మరక ఆపుతుంది గానీ గీతలు పడితే మొత్తం గీకి మళ్లీ వెయ్యాలి, పైగా కర్రను గాజు కింద పెట్టినట్టుంటుంది. పిల్లలున్న ఇంట్లో, రోజూ మూడు పూటలా తినే బల్ల అయితే రెండోదే మేలు. ముందు నూనె పట్టించి, అది పూర్తిగా ఎండాక మెరుపు లేని పాలీయురెథేన్ పల్చగా వేస్తే రెండింటి లాభమూ కొంత దక్కుతుంది. ఏది వేసినా అడుగు మొహానికి కూడా అన్ని పూతలే వెయ్యాలి. పైన వేసి కింద వదిలేస్తే తేమ ఒక పక్కనుంచే పోయి వచ్చి పలక వంగుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకూడదు. అవిసె నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి గానీ, ఆరుబయట విప్పి పరిచి గానీ పారెయ్యాలి.

బల్ల ఇంటికొచ్చాక ఏసీ గాలి నేరుగా తగిలేచోట, కిటికీ ఎండ పడేచోట వెయ్యకండి. మొదటి ఏడాదిలో రెండుసార్లు, ఒకసారి నడి వేసవిలో, ఒకసారి వానలు ముదిరాక, కింద బోల్టులు చూడాలి. బిగుసుకుంటే కొంచెం సడలించండి, ఊగితే కొంచెం తిప్పండి. అంచు కింద నేల మీద సన్నని పిండి రాలుతోందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. రాలుతుంటే పైకర్రలో ఎక్కడో గుండుసూది తలంత రంధ్రం కనబడుతుంది. అందులోకి సిరంజితో పురుగుమందు పంపి మైనంతో మూసి, నెల తర్వాత మళ్లీ చూడండి.